గోరింగ్ లాకు గట్టున

మా పాత ఇంటి ఓనరు ఆంటీ పోయారని వాళ్ళమ్మాయి పోయిన వారం ఇంగ్లండ్ నుంచి మెసేజ్ పెట్టింది. తొంభై దాటిన మనిషి, పెద్దగా బాధపడకుండానే వెళ్ళిపోయారట. చదివి ఫోన్ పక్కన పెట్టి పప్పులో పోపు వేసుకున్నాను. సాయంత్రం నుంచి మాత్రం ఆ ఊరు ఒకటే గుర్తుకు రావడం. చెప్పుకుందామంటే మా ఆయన ఇప్పుడు లేరు. పిల్లలకి సగం తెలీదు, తెలిసిన సగం వినే ఓపిక లేదు. అందుకని ఇలా రాసుకుంటున్నాను.

ఊరి పేరు గోరింగ్. లండన్ పాడింగ్టన్‌లో రైలెక్కి, రెడింగ్ దాటి ఇంకాస్త ముందుకు పోతే థేమ్స్ ఒడ్డున వస్తుంది. నదికి ఒక పక్క చిల్టర్న్ కొండలు, ఇంకో పక్క బెర్క్‌షైర్ కొండలు. కొండలంటే మన పాపికొండల్లాంటివి ఊహించుకోకండి, పచ్చగడ్డి కప్పుకున్న సుద్దరాయి గుట్టలు. మంచుయుగంలో నది ఆ సుద్దను కోసుకుంటూ చేసుకున్న సందులోనే రైలు పట్టాలూ, రోడ్డూ, అయిదు వేల ఏళ్ళనాటిదని చెప్పే రిడ్జ్‌వే కాలిబాటా అన్నీ ఇరుక్కుని ఉంటాయి.

నిజానికి అవి రెండూళ్ళు. ఇటు గోరింగ్, ఆక్స్‌ఫర్డ్‌షైర్. వంతెన దాటితే స్ట్రీట్లీ, అది బెర్క్‌షైర్. మొదటి వంతెన 1837లో కట్టారు, ఇప్పుడున్నది 1923 నాటిది. అంతకు ముందు పడవ మీదే దాటేవారు. వంతెన వచ్చి నూటయాభై ఏళ్ళవుతున్నా ఆంటీకి మాత్రం స్ట్రీట్లీ వాళ్ళు 'అవతలొడ్డు మనుషులే'. ఏటి అవతలి సంబంధాల గురించి మా అమ్మమ్మ మాట్లాడే ధోరణి అచ్చం ఇదే.

పెళ్ళయిన కొత్తలో మా ఆయనకి రెడింగ్ వైపు ఆసుపత్రిలో ఉద్యోగం. ఎవరో చెబితే ఇక్కడ ఆంటీ ఇంట్లో మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. నన్ను పేరు పెట్టి పిలువు అని ఆవిడ ఎంత చెప్పినా నాకు నోరు రాలేదు. తల్లి వయసావిడని పేరుతో ఎలా పిలుస్తాం? కొన్నాళ్ళు ఏ పిలుపూ లేకుండా నెట్టుకొచ్చి, చివరికి ఆంటీ అనేశాను. ఆవిడ అదే ఖాయం చేసుకున్నారు. పోస్టుమాన్‌తో కూడా "నాకో ఇండియన్ మేనకోడలుంది" అని చెప్పుకునేవారు.

మొదటి రాత్రి తెల్లవార్లూ హోరు. పొద్దున్నే మా ఆయన వాన పడుతోందనుకుని గొడుగు, రెయిన్‌కోటు వేసుకుని బయల్దేరారు. బయట ఎండ కాస్తోంది! నాకు మాత్రం వినగానే తెలిసిపోయింది, అది ఆనకట్ట మీద నీళ్ళు దూకే చప్పుడని. నేను పుట్టి పెరిగింది ధవళేశ్వరం పక్కన. మా నాన్న ఇరిగేషన్ డిపార్ట్‌మెంటులో లస్కరు, కాలువ లాకుల దగ్గర, అంటే నీటి మట్టం మారే చోట పడవల్ని పైకెక్కించి కిందికి దించే తలుపుల దగ్గర, డ్యూటీ. కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ఆనకట్ట పక్కన పెరిగిన పిల్లకి ఆ హోరు కొత్తేం కాదు. ఆ రాత్రి నేను సుఖంగా నిద్రపోయాను.

మా కిటికీలోంచి చూస్తే గోరింగ్ లాకు కనపడేది. మధ్యాహ్నం వంటయ్యాక వెళ్ళి అక్కడ బెంచీ మీద కూర్చునేదాన్ని. కింది నుంచి పడవ వస్తుంది. లోపలికి రాగానే పడవలో ఒకళ్ళు తాడు విసిరి గట్టు మీది ఇనప గుంజకి చుడతారు. ముడి వేయకూడదు, నీళ్ళు పెరిగే కొద్దీ తాడు లాక్కుంటూ ఉండాలి. వెనక తలుపులు మూస్తారు, ముందు తలుపుల తూములు ఎత్తుతారు. నీళ్ళు అడుగు నుంచి బుడగలు బుడగలుగా పైకి పొంగుతాయి. అప్పటిదాకా గోడకి కిందెక్కడో టోపీ మాత్రమే కనపడిన మనిషి మెల్లగా మొహం, భుజాలు, చేతిలో టీ కప్పుతో సహా పైకి తేలి మన ఎత్తుకి వచ్చి "గుడ్ ఆఫ్టర్‌నూన్" అంటాడు. తేడా ఆరడుగులు కూడా ఉండదు, కానీ చూడ్డానికి ఎప్పుడూ విసుగెత్తేది కాదు.

లాకు మనిషికి అక్కడే ఇల్లు, ఇంటి ముందు పూలతోట. నది పొడుగునా లాకుల వాళ్ళకి ఎవరి తోట బాగుందో పోటీలు జరిగేవి, దాంతో ఆయనకి పడవల కంటే డేలియాల మీదే ధ్యాస ఎక్కువ అని ఆంటీ వెటకారం. నేను ఈ లాకు గురించి నాన్నకి ఉత్తరం రాస్తే, మూడు వారాలకి జవాబొచ్చింది. క్షేమసమాచారాలు రెండు లైన్లు, మిగతాదంతా ప్రశ్నలే. తలుపులు చెక్కవా, ఇనపవా? గ్రీజు ఎవరు పెడతారు? వరదొస్తే రాత్రి డ్యూటీ ఉంటుందా? క్వార్టర్స్ ఇస్తారా? జీతమెంత? ఆ ఏరోగ్రామ్ పట్టుకెళ్ళి ఒక్కోటీ ఇంగ్లీషులో చెప్తే లాకు మనిషి తోటపని ఆపి చాలా సీరియస్‌గా జవాబులు చెప్పాడు, ఒక్క జీతం తప్ప. "అది మీ నాన్నగారికి చెబితే ఆయన కూడా నవ్వుతారు" అని దాటేశాడు. తర్వాత నాన్నకి ఆయనే ఒక పిక్చర్ పోస్టుకార్డు పంపాడు. నాన్న దాన్ని డ్యూటీ రిజిస్టరులో పెట్టుకుని వచ్చిన ప్రతి ఇంజినీరుకీ చూపించారట.

శీతాకాలం వానలకి నది ఉబ్బితే లాకు దగ్గర ఎర్ర బోర్డులు పెట్టేవారు, ప్రవాహం జోరుగా ఉంది, పడవలు తీయొద్దని. అలాంటి ఒక రోజునే లాకు మనిషి 1674 సంగతి చెప్పాడు. అప్పటికింకా ఈ లాకు లేదు, 1787లో గానీ రాలేదు. ఆనకట్టలో ఒక సందు తెరిస్తే ఆ ఊపులో పడవలు కిందికి జారేవి. గోరింగ్‌లో తిరునాళ్ళు చూసుకుని జనం పడవ నిండా ఎక్కి ఒడ్డు దాటుతుంటే, పడవ ఆనకట్టకి మరీ దగ్గరగా వెళ్ళి తిరగబడింది. సుమారు అరవై మంది పోయారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. గోదారి ఒడ్డున పుట్టినదాన్ని, ఇలాంటి వార్తలు వింటూనే పెరిగాను. ఆ రోజు వంతెన దాటడానికి కూడా నాకు మనసొప్పలేదు, కానీ పాలు అయిపోయాయి, స్ట్రీట్లీ వెళ్ళక తప్పలేదు.

పాలంటే గుర్తొచ్చింది. తెల్లారకుండానే కరెంటుతో నడిచే పాల బండి వచ్చేది. ఇంజన్ చప్పుడుండదు, సన్నటి ఊళ, దాంతో పాటు సీసాల గలగల. గుమ్మంలో సీసాలు పెట్టి పోయేవాడు. మూత పల్చటి వెండి రేకు. మనం లేచి తలుపు తీసే లోపల చిన్న నీలం పిట్టలు వచ్చి ఆ రేకును ముక్కుతో చింపి పైన తేరిన మీగడ తాగేసేవి. ఆంటీ సీసాల మీద పెరుగు కప్పులు బోర్లించేవారు. ఒక్కోరోజు పిట్టలు కప్పు కూడా తోసేసేవి.

ఇంట్లో ఊరికే కూర్చోలేక హై స్ట్రీట్‌లో ఒక టీ షాపులో పనికి కుదిరాను. స్కోన్లు చేయడం, టీ పెట్టడం, బల్లలు తుడవడం. శనివారం సాయంత్రం చిన్న బ్రౌన్ కవర్లో జీతం, చిల్లరతో సహా. నా జీవితంలో మొదటి సంపాదన అది. వేసవిలో అమెరికా టూరిస్టులు వచ్చి "ఆస్కార్ వైల్డ్ ఉన్న ఇల్లెక్కడ?" అని అడిగేవారు. 1893 వేసవి ఆయన ఈ ఊళ్ళో నది పక్క ఇల్లు అద్దెకి తీసుకుని గడిపాడు, అక్కడ మొదలుపెట్టిన నాటకంలో ఒక పాత్రకి లార్డ్ గోరింగ్ అని పేరు కూడా పెట్టాడు. దారి చెప్పి పంపేదాన్ని.

అదే ఇంట్లో తర్వాత రోజుల్లో సర్ ఆర్థర్ హారిస్ ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ నగరాల మీద బాంబులు వేయించిన బాంబర్ కమాండ్ అధిపతి. 1984లో ఆయన పోయింది ఈ ఊళ్ళోనే, మేం వెళ్ళేనాటికి అది ఇంకా కొత్త సంగతే. ఆ పేరొస్తే మా షాపులో రెండు బల్లలు రెండు దేశాలైపోయేవి. ఒకాయన తమ్ముడు బాంబరు విమానంలో వెళ్ళి తిరిగి రాలేదు. ఆ కమాండ్‌లో చనిపోయినవాళ్ళు 55 వేలకు పైనే, వాళ్ళకి సరైన గౌరవం దక్కలేదని ఆయన బాధ. పక్క బల్ల దగ్గర టీచరమ్మ "కింద కాలిపోయిన పిల్లల సంగతో?" అనేది. తర్వాత ఇద్దరూ చెరో కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు. నేను ఇద్దరికీ టీ పోసేదాన్ని. ఏం మాట్లాడతాను, నాకేం తెలుసని? ఇప్పటికీ ఆ ఇద్దరిలో ఎవరిది తప్పో చెప్పమంటే చెప్పలేను.

తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఆ పెద్దాయనే సెయింట్ థామస్ చర్చిలో గంటలు మోగించేవారు. అది నార్మన్ల కాలం గుడి. ఒకప్పుడు పక్కనే సన్యాసినుల మఠం ఉండేది, ఎనిమిదో హెన్రీ హయాంలో మూతపడింది. 1290 ప్రాంతంలో పోసిన గంట ఒకటి అక్కడుంది, దేశంలోకెల్లా పాతవాటిలో ఒకటి. గుళ్ళో చెక్కిన కొయ్య తెర ట్రఫాల్గర్ యుద్ధానికి వెళ్ళిన థండరర్ ఓడ కలపతో చేసిందని పెద్దాయన దాన్ని అరచేత్తో తడిమి చూపించేవారు.

వారంలో ఒక సాయంత్రం ప్రాక్టీసు. ఒకసారి నన్నూ తీసుకెళ్ళారు. గుండ్రంగా నిలబడి ఒక్కొక్కరు ఒక్కో తాడు పట్టుకుంటారు. తాడు మధ్యలో చేతికి పట్టు దొరకడానికి ఎరుపు, తెలుపు, నీలం ఊలు దట్టంగా అల్లి ఉంటుంది, బొచ్చు గొంగళిపురుగులా. వాళ్ళు వాయించేది పాట కాదు, లెక్క. ఏ గంట తర్వాత ఏ గంట అన్న వరస ప్రతి రౌండులోనూ మారుతూ పోతుంది, అందరూ దాన్ని బుర్రలోనే మోస్తుంటారు. "వదలాల్సినప్పుడు తాడు వదిలెయ్యమ్మా, లేకపోతే గంట నిన్ను కప్పుకి ఎత్తేస్తుంది" అని మొదటి పాఠం. నేను ముట్టుకోలేదు. గోడకి ఆనుకుని వింటుంటే కాళ్ళ కింద నేల కదిలింది, టవరు కూడా కొంచెం ఊగుతుంది మరి.

కరివేపాకు, చింతపండు కావాలంటే లండన్‌లో మనవాళ్ళు ఎక్కువుండే సౌతాల్ వెళ్ళాలి, అదీ ఇదే రైలు లైను మీదే. రెడింగ్‌లో మారి వెళ్ళేవాళ్ళం. 1840లో వచ్చిన లైను ఇది. ఊరి దక్షిణాన గేట్‌హాంప్టన్ దగ్గర బ్రునెల్ కట్టిన ఇటుక వంతెన మీద రైలు నది దాటుతుంది. మా స్టేషన్లో ఆగేవి చిన్న రైళ్ళు. పెద్ద ఇంటర్‌సిటీ రైళ్ళు వస్తే ప్లాట్‌ఫాం మీద సంచీలు గట్టిగా పట్టుకోవాలి, గంటకి 125 మైళ్ళ వేగం. ఒకసారి నా కరివేపాకు కవరు ఎగిరి పట్టాల మీద పడింది. ఎనభై పెన్నీల కరివేపాకు. మా ఆయన వారం రోజులు ఆ మాట ఎత్తి ఏడిపించారు.

అవతలొడ్డు మనుషులతో పడదంటూనే ఆంటీ చీజ్ కొనేది మాత్రం స్ట్రీట్లీలోనే. అక్కడ వెల్స్ స్టోర్స్ అని ఒక కొట్టు. నడిపేది మేజర్ పాట్రిక్ రాన్స్, ఒంటికన్ను అద్దం పెట్టుకునే మాజీ సైనికుడు. యుద్ధం రోజుల్లో రేషన్ కోసం పొలాల దగ్గర చేసే రకరకాల చీజ్‌లు మానిపించి అందరిచేతా ఒకే రకం చేయించారట. తర్వాత ఫ్యాక్టరీలొచ్చి మిగిలినవాటినీ మింగాయి. ఈయన ఊరూరా తిరిగి ఇంకా పాత పద్ధతిలో చేసేవాళ్ళని వెతికి పట్టుకుని వాళ్ళ సరుకు తెచ్చి అమ్మేవారు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో రైతుల చీజ్ బతికుందంటే అందులో ఆయన పాత్ర చాలా ఉందని అంటారు. ఆ కొట్టు వాసన వీధి మలుపులోనే తగిలేది. మొదట్లో ముక్కు మూసుకునేదాన్ని. అలవాటయ్యాక చెడ్డార్ మీద ఆవకాయ ముక్క పెట్టుకు తినడం ఆంటీకి నేనే నేర్పాను. అత్తగారు హార్లిక్స్ సీసాలో పంపిన ఆవకాయ ఆ ఏడాది సంక్రాంతికే అయిపోయింది.

జూలైలో హంసల లెక్క. థేమ్స్ మీద తిరిగే హంసల్లో కొన్ని రాజకుటుంబానివి, కొన్ని లండన్‌లో ద్రాక్షసారా వర్తకుల సంఘానివి, కొన్ని అద్దకం వాళ్ళ సంఘానివి. ఈ హక్కు పదిహేనో శతాబ్దం నుంచీ ఉంది. మూడు పక్షాల మనుషులూ పడవల్లో తెడ్లు వేసుకుంటూ నదికి ఎదురెక్కి వస్తారు, అప్పటి రాణిగారి వాళ్ళు ఎర్ర చొక్కాల్లో వచ్చేవారు. పిల్లలున్న హంస జంట కనపడగానే "ఆల్ అప్!" అని కేక. పడవలన్నీ చుట్టుముట్టి వాటిని ఒడ్డుకి తెచ్చి, కాళ్ళు కట్టి, తూచి, యజమాని ఎవరో తేలుస్తారు. అప్పట్లో ముక్కు మీద గాట్లే గుర్తు. అద్దకం వాళ్ళవైతే ఒకటి, సారా వర్తకులవైతే రెండు, ఏమీ లేకపోతే రాణివి. గట్టు మీద గడ్డిలో కాళ్ళు మడిచి కట్టిన బూడిద రంగు పిల్ల నా చెప్పు అంచు కొరికింది. ఆ రోజుల్లో హంసలు బాగా తగ్గిపోయాయి. చేపలు పట్టేవాళ్ళు వాడే సీసపు గుళ్ళు మింగి చచ్చిపోయేవి. 1987లో ఆ గుళ్ళు ఆపేశాక మళ్ళీ పెరిగాయని ఆంటీ ప్రతి క్రిస్మస్ కార్డులోనూ రాసేవారు.

మేం ఇండియా వచ్చేశాక మధ్యలో ఒకసారి వెళ్ళాను. మా అబ్బాయి రెడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. ఇప్పుడు రెడింగ్‌లో తెలుగువాళ్ళు ఎంతమందో, కరివేపాకు వాళ్ళ వీధి చివర్లోనే దొరుకుతోంది. గోరింగ్‌లో పట్టాల వెంట కరెంటు స్తంభాలు నిలబెట్టారు, కొండల అందం పాడైందని ఊరు ఊరంతా గొడవ చేసిందట, నాకూ చూడగానే చిరాకేసింది. ఆకాశంలో మాత్రం చీలిన తోకలతో ఎర్ర గద్దలు తిరుగుతున్నాయి. మా రోజుల్లో ఒక్కటీ లేదు. 1989 నుంచి స్పెయిన్ నుంచి తెచ్చి చిల్టర్న్స్‌లో వదిలారట. చర్చి దగ్గర ఒక ఇంటి ముందు ఎవరో పూలు, ఫొటోలు పెట్టి ఉన్నారు. పాప్ గాయకుడు జార్జ్ మైకేల్ ఇల్లు, 2016 క్రిస్మస్ రోజున అక్కడే పోయారు. అప్పటికి ఆంటీ కర్రతో నడుస్తున్నారు. "పాపం, మంచి కుర్రాడు" అన్నారు, యాభై మూడేళ్ళాయన్ని పట్టుకుని.

బావి సంగతి చెప్పకుండా ఆపలేను. ఊరికి అయిదారు మైళ్ళ దూరంలో కొండ మీద స్టోక్ రో అని చిన్న పల్లె. ఒక ఆదివారం ఆంటీ తన పాత కారులో "నీకొకటి చూపిస్తా" అని తీసుకెళ్ళారు. చెట్ల మధ్య గుండ్రటి గోపురం, ఇనప స్తంభాలు, కింద బావి, నీళ్ళు తోడే యంత్రం మీద బంగారు రంగు ఏనుగు! నేను నోరు తెరిచి నిలబడిపోయాను. సుద్దకొండ కదా, పడిన వాన పడినట్టే ఇంకిపోతుంది. ఎండాకాలం నీళ్ళకి కటకట. ఇంట్లో మిగిలిన చుక్కనీళ్ళు తాగేశాడని ఒక తల్లి కొడుకుని కొట్టిన సంగతి, ఈ ప్రాంతం మనిషే అయిన ఎడ్వర్డ్ రీడ్ అనే అధికారి కాశీ మహారాజుకి చెప్పాడు. రీడ్ అంతకు ముందు 1831లో ఆజంగఢ్ దగ్గర ప్రజల కోసం బావి తవ్వించినవాడు. ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్ మహారాజు అది మనసులో పెట్టుకుని ఇక్కడ బావికి డబ్బిచ్చారు. 1864లో ప్రారంభం. నాలుగడుగుల వెడల్పు, 368 అడుగుల లోతు, అంతా చేత్తో తవ్విందే. బావి ఖర్చులు గడవడానికి పక్కనే చెర్రీ తోట కూడా వేయించారు.

నేను లోపలికి తొంగి చూస్తుంటే ఆంటీ గర్వంగా, "మీ రాజుగారు తవ్వించాడు, చూశావా" అన్నారు.

"కాశీ రాజు మా రాజెలా అవుతాడాంటీ? మా ఊరికీ కాశీకీ రెండు రోజుల రైలు ప్రయాణం. భాష కూడా వేరు" అన్నాను.

ఆవిడ కారు తాళాలు వెతుక్కుంటూ, "అయితే ఏం? మాకు స్ట్రీట్లీ పరాయి దేశమే. చీజ్ అక్కడ కొనుక్కోవట్లా?" అన్నారు.